అక్షరం ముందు, ఛాయాచిత్రం తర్వాత: తెలుగు నేలపై దళిత ఉద్యమాల నమోదు

దళిత ఉద్యమాలకు తెలుగులో మిగిలిన ఆధారాలు రెండు రకాలు. మొదటిది రాత: పద్యం, పాట, కరపత్రం, కథ, ఆత్మకథ, నిజనిర్ధారణ నివేదిక, కోర్టు వాంగ్మూలం. రెండోది బొమ్మ: ఛాయాచిత్రం, డాక్యుమెంటరీ, ఇప్పుడైతే ఫోనులో తీసిన వీడియో. ఈ రెండింటి వయసు ఒకటి కాదు. 1920ల నాటికే రాత దళితుల చేతిలో ఉంది. కెమెరా వాళ్ల చేతికి రావడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. అంతవరకు ఫొటోల్లో వాళ్లు కనిపించినా, ఆ ఫొటోలు తీసినవాళ్లూ అచ్చు వేసినవాళ్లూ వేరే. ఈ ఎడం వల్లే తెలుగు దళిత ఉద్యమ చరిత్ర కంటికన్నా చెవికి ఎక్కువ తెలుసు.

ఈ చరిత్రలో పెద్ద భాగం కృష్ణకు దక్షిణాన, గుంటూరు, ప్రకాశం మైదానాల్లో జరిగింది. తాడేపల్లిలో నిలబడి చూస్తే నది అవతల 1917లో ఆది ఆంధ్ర మహాసభ జరిగిన బెజవాడ, ఇవతల మంగళగిరి మండలంలో 1987 నాటి నీరుకొండ ఉంటాయి. దిగువకు పోతే తెనాలి, చుండూరు; ఇంకా దక్షిణాన చీరాల, కారంచేడు, ఈదుముడి; పడమట కవి జాషువా పుట్టిన వినుకొండ. ఇన్ని పేర్లు ఇక్కడే కుదురుకోవడానికి కారణాలున్నాయి. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయి కాలవ నీరు పారాక డెల్టాలో వరి, మెరకలో పత్తి, పొగాకు, మిరప రైతు కులాల చేతికి డబ్బు తెచ్చాయి. అదే నేలలో లూథరన్, బాప్టిస్టు మిషన్లు మాల, మాదిగ పిల్లలకు బళ్లు పెట్టాయి. ఒకవైపు భూమి బలం పెరిగింది, మరోవైపు కూలివాడి ఇంట్లో చదువు మొదలైంది. ఘర్షణకూ దాన్ని రాసిపెట్టడానికీ ఈ రెండూ కలిసే దారి తీశాయి.

నల్లజాతి ఉద్యమాల నమూనా

అమెరికాలో నల్లజాతివారు మొదటి తరం నుంచే కెమెరాను పనిముట్టుగా పట్టుకున్నారు. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మూడు ఆత్మకథలు రాశాడు. 160 దాకా ఛాయాచిత్రాలు దిగాడు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్లలో అన్ని ఫొటోలు దిగినవారు మరొకరు లేరని పరిశోధకుల లెక్క. నల్లవాళ్లను పత్రికలు వెకిలి బొమ్మలుగా గీస్తున్న కాలంలో, కోటు తొడిగి సూటిగా చూసే తన ముఖమే వాటికి జవాబని ఆయన నమ్మాడు. ఐడా బి. వెల్స్ 1892లోనూ 1895లోనూ లించింగుల (మూక హత్యల) మీద వేసిన పుస్తకాల్లో పేర్లు, ఊళ్లు, తేదీలు, లెక్కలు పేర్చింది. నల్లజాతి మేధావి డుబోయిస్ 1900 పారిస్ ప్రదర్శనకు నల్లజాతి జీవితం మీద 300కు పైగా ఫొటోలు కూర్చి పంపాడు.

తర్వాతి తరాల్లో రాత, బొమ్మ ఒకే అట్ట మధ్యకు వచ్చాయి. 1941లో రిచర్డ్ రైట్ ప్రభుత్వ ఛాయాచిత్రాల పక్కన తన వచనం పెట్టి నల్లజాతి వలసల కథను పుస్తకంగా తెచ్చాడు. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపినప్పుడు, ఛిద్రమైన కొడుకు ముఖాన్ని లోకం చూడాలని తల్లి శవపేటిక మూత తెరిచే ఉంచింది. నల్లజాతివారు నడిపే జెట్ పత్రిక ఆ ఫొటో వేసింది. 1963లో బర్మింగ్‌హామ్ పోలీసు కుక్కలను, నీటి గొట్టాలను చార్ల్స్ మూర్ తీసిన ఫొటోలు దేశమంతా చూసింది. 1969లో మొనేటా స్లీట్ పులిట్జర్ అందుకున్నాడు. నల్లజాతి ఫొటోగ్రాఫర్‌కు ఆ బహుమతి రావడం అదే మొదలు. దక్షిణాఫ్రికాలో ఎర్నెస్ట్ కోల్ 1967 పుస్తకం, 1976 సొవేటోలో శామ్ నజీమా తీసిన ఒక్క ఫొటో వర్ణవివక్షను ప్రపంచం ముందు నిలబెట్టాయి. 2020లో జార్జి ఫ్లాయిడ్ హత్యను ఫోనులో తీసిన 17 ఏళ్ల బాలికకు మరుసటి ఏడు పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు దక్కింది.

ఈ చరిత్రతో భారతదేశపు అణగారిన కులాలకు ఉన్న పరిచయం పాతదే. జోతిరావు ఫూలే 1873 నాటి గులాంగిరీని బానిసత్వ నిర్మూలనకు పూనుకున్న అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగాడు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ స్థాపించారు. తెలుగు పాఠకుడికి ఈ బంధం ఎక్కువగా ఒక అనువాదం వల్ల తెలుసు. అలెక్స్ హేలీ రూట్స్‌ను సహవాసి ఏడు తరాలుగా తెలుగు చేశాడు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు తొలి ప్రచురణల్లో అది ఒకటి. ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. తరతరాల కుటుంబ కథను చరిత్రగా చెప్పవచ్చన్న ఊహ తెలుగు దళిత రచయితలకు బలంగా అందిన దారుల్లో ఈ పుస్తకం ముఖ్యమైనది.

ఇతరుల కెమెరా

తెలుగునేల దళితులు మొదట కెమెరా ముందుకు వచ్చింది తమ ఇష్టంతో కాదు. వలస ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా తెచ్చిన ది పీపుల్ ఆఫ్ ఇండియా దేశ ప్రజలను కులాల వారీ నమూనాలుగా చూపింది. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో తెచ్చిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల కోశం కూడా అదే తరహా. అందులో మనిషికి పేరుండదు. కులం పేరే ఫొటో కింది శీర్షిక. డగ్లస్ తన ముఖానికి తానే యజమాని అయిన శతాబ్దంలోనే ఇక్కడి ముఖాలు కొలతలకు పనికివచ్చే వస్తువులయ్యాయి.

మిషన్ల చూపు కొంత వేరు. ఒంగోలులో జాన్ క్లవ్ 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పనిని గుత్తకు తీసుకుని మాదిగలకు కూలి చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లవ్ 1899లో మాదిగల కథలనూ యెర్రగుంట్ల పేరయ్య వంటి తొలి విశ్వాసుల జీవితాలనూ పుస్తకంగా తెచ్చింది. మాదిగలు చెప్పుకున్న మాట పుస్తకంలోకి ఎక్కిన తొలి సందర్భాల్లో అదొకటి. అయినా చెప్పింది వాళ్లు, రాసింది వేరొకరు, చదివింది ఎక్కువగా అమెరికాలో చందాలిచ్చేవాళ్లు. మిషన్ ఫొటోల్లోనూ బడిముందు వరసగా నిలబడ్డ పిల్లలు, తెల్లబట్టల ఉపదేశులు కనిపిస్తారు. మార్పును చూపడం ఆ ఫొటోల పని. ఎదిరింపుకు వాటిలో చోటు లేదు.

తొలి తరం: సభ, పాట, పద్యం

1917 నవంబరులో గూడూరు రామచంద్రరావు పూనికతో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. పంచముడన్న మాటను భాగ్యరెడ్డివర్మ ఒప్పుకోలేదు. ఈ నేలకు మొదటివాళ్లం గనక ఆది ఆంధ్రులమని వాదించాడు. సభ ఆ పేరుకే మొగ్గింది. తెలుగునాట దళితులు తమ పేరు తాము పెట్టుకున్న తొలి పెద్ద సందర్భం ఇదే. తర్వాత హరిజన, దళిత అన్న పేర్లు వచ్చాయి. ఏ కాలపు రాత ఏ పేరు వాడిందో చూస్తే అది ఏ తరానిదో తెలిసిపోతుంది.

1921లో రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనము రాశాడు. గరిమెళ్ల సత్యనారాయణ మాకొద్దీ తెల్లదొరతనము జాతీయోద్యమంలో మార్మోగుతున్న రోజులవి. తెల్లవాడు పోతే తమ మీద కూర్చునేది ఎవరన్నది ధర్మన్న ప్రశ్న. ఈ పేరులో నలుపు అంటే అగ్రకుల స్వదేశీ దొర. డెబ్బై ఏళ్ల తర్వాత అదే మాట దళితుల సొంత పేరుగా మారడం ఈ సాహిత్యంలో గమనించదగ్గ మలుపు. ధర్మన్న జయభేరి అనే పత్రిక కూడా నడిపాడు.

గుంటూరు న్యాయవాది ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తెచ్చిన మాలపల్లి దళిత కుటుంబాన్ని నవలకు నడుమ నిలిపింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఉన్నవ దళితుడు కాడు. పల్లెను దగ్గరగా చూసిన సానుభూతిపరుడి రచన అది. లోపలి గొంతు గుర్రం జాషువాది. 1895లో వినుకొండలో పుట్టి, గుంటూరు లూథరన్ బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జాషువా 1941లో గబ్బిలం అచ్చు వేశాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపడం అందులో కథ. కాళిదాసు మేఘాన్ని తోసి గబ్బిలాన్ని పెట్టడమే ఒక ధిక్కారం. నా కథ పేరుతో ఆయన తన జీవితాన్నీ పద్యాల్లోనే చెప్పాడు. రిచర్డ్ రైట్ బొమ్మల పుస్తకం, జాషువా గబ్బిలం ఒకే ఏడు వచ్చాయి. అక్కడ ఒక ప్రభుత్వ సంస్థ కరువు రోజుల్లో ఊరూరా ఫొటోగ్రాఫర్లను పంపి బొమ్మలు పోగుచేసింది. రచయిత వాటిని అందుకున్నాడు. ఇక్కడ దళిత కవికి అందుబాటులో ఉన్నది ఛందస్సొక్కటే. ఊరు కాదనలేని పెద్దమనిషి భాషలోనే ఊరిని నిలదీయడం ఆ తరం పట్టుకున్న దారి.

నడిమి తరం

బోయి భీమన్న పాలేరు నాటకం ఊరూరా ఆడింది. చదువుకుని ఎదిగిన పాలేరు అందులో నాయకుడు. భీమన్న గుడిసెలు కాలిపోతున్నాయ్ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ ఊరబావి కథతో నీటి హక్కును కథావస్తువు చేశాడు.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. అప్పటికి రాష్ట్రవ్యాప్త దళిత సంఘం లేదు. సొంత పత్రిక లేదు. శాసనసభలో చర్చ, దినపత్రికల్లో వార్తలు వచ్చాయిగాని, ఆ ఘటనకు తగిన రాత వెంటనే పుట్టలేదు. అదే కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్, పిడికెడు ఆత్మగౌరవం కోసం అన్న కవితలో కోటేశును కారంచేడు, చుండూరులతో ఒక వరసలో నిలబెట్టాకే ఆ పేరు తర్వాతి తరానికి చేరింది. ఘటన జరిగిన రోజుకూ అది జ్ఞాపకంగా స్థిరపడిన రోజుకూ నడుమ పాతికేళ్ల దూరం ఉండడం ఈ తరం లక్షణం.

కారంచేడు, 1985

1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగునీరు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ల గొడవ మొదలైంది. నీరు పాడు చేయవద్దన్న పిల్లవాడి మీదికి చర్నాకోలు లేస్తే, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు పొద్దున పెత్తందారీ కులం వాళ్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

చీరాల శిబిరం ఉద్యమానికీ దాని నమోదుకూ ఒకేసారి పుట్టినిల్లు అయింది. బాధితులు ఊరికి తిరిగి పోమన్నారు. నెలల తరబడి అక్కడే ఉండటంతో వచ్చిన ప్రతివారికీ వాళ్లే సాక్షులు, వాళ్లే కథకులు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని వచ్చిన బొజ్జా తారకం, పొన్నూరు అధ్యాపకుడు కత్తి పద్మారావు శిబిరం నడపడంలో ముందున్నారు. 1985 సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది; తారకం అధ్యక్షుడు, పద్మారావు ప్రధాన కార్యదర్శి. కరపత్రాలు, బహిరంగ లేఖలు, ఊరూరా సభలు, గద్దర్ పాట కలిసి ఆ పేరును రాష్ట్రమంతా తిప్పాయి. కె. బాలగోపాల్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ హత్యాకాండను కాలవల కింద ఎదిగిన కొత్త ధనిక వర్గపు రాజకీయాధికారంతో ముడిపెట్టి చూపింది. పాత కక్షో, తాగుబోతు గొడవో అనే మాటతో కొట్టిపారేసే వీలు అప్పటితో పోయింది.

దినపత్రికలు శవాలనూ, ఏడ్చే స్త్రీలనూ, పరామర్శకు వచ్చిన నాయకులనూ ఫొటోలుగా వేశాయి. కానీ కారంచేడు గుర్తుగా జనం మనసులో నిలిచింది ఫొటో కాదు, సువార్త ఎత్తిన బిందె. ఆ క్షణాన్ని ఏ కెమెరా పట్టలేదు. పాట, ఉపన్యాసం, తర్వాత పోస్టరు గీతలు దాన్ని బొమ్మ కట్టాయి. ఫొటో లేని చోట మాటే ఫొటో పని చేసిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తెలుగులో లేదు.

నమోదుకు ఎంత ఖరీదు చెల్లించాల్సి వచ్చిందో కూడా ఇక్కడే తెలిసింది. ముఖ్య సాక్షుల్లో ఒక మహిళ ఆ మరుసటి ఏడాదే హత్యకు గురైంది. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఈలోపు 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని వెనకున్న ఒత్తిళ్లలో కారంచేడు ఉద్యమం ముఖ్యమైనది.

నీరుకొండ, చుండూరు

1987 జూలైలో మంగళగిరి మండలం నీరుకొండలో పెళ్లి ఊరేగింపు పెత్తందార్ల ఇళ్ల ముందుగా పోయిందన్న కోపంతో మాలపల్లె మీద దాడి జరిగింది. తాడేపల్లికి ఇంత దగ్గరి ఈ ఊరికి కారంచేడుకు దొరికినంత పాటగాని, పుస్తకంగాని దొరకలేదు. రాజధాని ప్రాంతంలో కలిసిన ఆ పేరు ఇప్పుడు ఎక్కువమందికి ఒక విశ్వవిద్యాలయం చిరునామాగా తెలుసు. నమోదు కావడంలో కూడా ఎక్కువ తక్కువలున్నాయనడానికి ఇది నిదర్శనం. శిబిరం నిలిచిన చోట, సంఘం అంటిపెట్టుకున్న చోట రాత పెరుగుతుంది. లేనిచోట ఊరి పేరే మారు అర్థం తెచ్చుకుంటుంది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. కొందరి శవాలను గోతాల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. సినిమా హాలులో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగలడం మొదటి నిప్పు. ఆ తర్వాత వారాల తరబడి ఊరు దళితులను వెలివేసింది, పనుల్లోకి పిలవలేదు. చనిపోయినవారిని ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. శ్మశానంలోనూ వేరు చోటు చూపించే ఊరిలో సమాధులే ఊరి బొడ్డున నిలవడం కాగితం అక్కరలేని నమోదు. ప్రతి ఆగస్టు 6న అక్కడ చేరే జనం దాన్ని మళ్లీ చదువుతారు.

చుండూరుకు రాతపూర్వక ఆధారాలు బాగా పేరుకున్నాయి. సమతా సంఘటన అధ్యయనం, బాలగోపాల్ వ్యాసం ఆ ఏడాదే వచ్చాయి. దళితుల పట్టుదలతో విచారణ ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో జరిగింది. గుంటూరు న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటరుగా వాదించాడు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యం నిలవలేదంటూ శిక్షలన్నీ కొట్టేసింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. వాంగ్మూలం కవిత్వానికి ఆధారమవుతుంది, ఊరి జ్ఞాపకానికి ఆధారమవుతుంది. కోర్టుకు మాత్రం గంట, నిమిషం, ఎవరి చేతిలో ఏ ఆయుధం అన్నవి కావాలి. పరుగెత్తుతూ ప్రాణం దక్కించుకున్న మనిషి వీటన్నిటినీ తప్పులేకుండా చెప్పగలగడం కష్టం. ఘటనను పట్టే కెమెరా లేకపోవడం ఎంత లోటో కవిత్వంలో కనిపించదు, కోర్టులో కనిపిస్తుంది.

పాట చిక్కబడ్డ దశకం

చుండూరు తర్వాత ఐదారేళ్లలో తెలుగు దళిత కవిత్వం ఒక్కసారిగా పొంగింది. దానికి ముందే, 1989లో హైదరాబాద్ నుంచి నలుపు పత్రిక మొదలైంది. ధర్మన్న నాడు దొరకు తగిలించిన రంగును ఈ తరం తన పేరుగా ఎత్తుకుంది. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య సంపాదకత్వంలో విజయవాడ నుంచి చిక్కనవుతున్న పాట, మరుసటి ఏడు లక్ష్మీనరసయ్య సంపాదకత్వంలో పదునెక్కిన పాట వచ్చాయి. సతీష్ చందర్ పంచమ వేదం, మద్దూరి నగేష్‌బాబు వెలివాడ, ఎండ్లూరి సుధాకర్ కొత్త గబ్బిలం ఆ వేడిలో పుట్టినవే. శివసాగర్‌గా విప్లవ కవిత్వం రాసిన కె.జి. సత్యమూర్తి కూడా ఈ కాలానికి దళిత కవిగా నిలబడ్డాడు. సుధాకర్ పుస్తకం పేరే తరాల వారసత్వాన్ని చెబుతుంది: జాషువా గబ్బిలాన్ని మళ్లీ ఎగరేయడం. ఈ తరం పద్యాన్ని వదిలి గుంటూరు, ప్రకాశం పల్లెల మాటను, తిట్టును, బైబిలు వాక్యపు నడకను కవితలోకి తెచ్చింది.

అదే దశకంలో దళితులన్న ఒక్క మాట కింద దాగిన తేడాలు బయటికి వచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ నడిపిన ఆ దండోరా డప్పును ఉద్యమ చిహ్నం చేసింది. పేరు వెనక మాదిగ అని పెట్టుకోవడమే ఒక ప్రకటన. నాగప్పగారి సుందర్రాజు చండాల చాటింపు కవితలు, మాదిగోడు కథలు ఈ గొంతును పుస్తకంలోకి ఎక్కించాయి. తెలంగాణ నుంచి వేముల ఎల్లయ్య కక్క నవల వచ్చింది.

స్త్రీల లెక్క అంతకన్నా ఆలస్యంగా తేలింది. కారంచేడులో ముందు నిలబడింది స్త్రీ అయినా, తొలి సంకలనాల్లో స్త్రీల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. 2003లో గోగు శ్యామల నల్లపొద్దు పేరుతో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు ఒకచోట చేర్చింది. లేరనుకున్న తరం ఉందని ఆ పుస్తకం రుజువు చేసింది. 2005లో చల్లపల్లి స్వరూపరాణి మంకెనపువ్వు, ఆ కాలంలోనే జూపాక సుభద్ర కవితలు, కథలు కూలికి పోయే ఆడమనిషికి కులమూ మగవాడూ కలిసి పెట్టే బరువును రాశాయి.

కెమెరా చేతికందిన తరం

ఇన్నాళ్లు కెమెరా ఎందుకు రాలేదన్నదానికి మొదటి జవాబు డబ్బు. కెమెరా, ఫిల్ము, కడిగించే ఖర్చు కూలి ఇంటికి అందేవి కావు. రెండోది వృత్తి. 1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ దేశ రాజధాని పత్రికల్లో దళిత విలేకరి కోసం వెతికి ఒక్కరూ దొరకలేదని రాశాడు. అచ్చయ్యే ఫొటోను ఎన్నుకునే బల్ల దగ్గర దళితుడు లేడు. జెట్ లాంటి సొంత పత్రిక ఇక్కడ దినపత్రిక స్థాయికి ఎదగలేదు. దళిత వాడలో ఎక్కువగా కనిపించే ఫొటోలు రెండే: గోడ మీద అంబేడ్కర్, పక్కన స్టూడియోలో దిగిన పెళ్లి ఫొటో. 1985 తర్వాత కోస్తా ఊళ్ల కూడళ్లలో నీలం కోటుతో వెలసిన అంబేడ్కర్ విగ్రహాలు కెమెరా లేనివాళ్లు నిలబెట్టుకున్న బొమ్మలని అనుకోవచ్చు. అందుకే పోరాటాలూ వాటి చుట్టే జరిగాయి. 2017లో పశ్చిమగోదావరి గరగపర్రులో విగ్రహం పెట్టినందుకు దళితులను వెలివేశారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన విగ్రహం, పీఠంతో కలిపి 206 అడుగులు, ఆ వరసలో ప్రభుత్వం చేర్చిన బొమ్మ.

కెమెరాను ముందుగా చేతబట్టినవాళ్లలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ దళిత స్త్రీలున్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆ స్త్రీలు చాలామంది చదువు లేనివారు. కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడి వీడియో నేర్చుకున్నారు. వరంగల్ పత్తిచేలు తిరిగి బీటీ విత్తనంతో దెబ్బతిన్న రైతుల మాటలను రికార్డు చేసి 2003లో చిత్రంగా తెచ్చారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. అక్షరం రాకపోయినా నమోదు చేయవచ్చని వీరి పని చూపింది.

రాత, బొమ్మ కలిసిన ఘట్టం 2016లో వచ్చింది. గుంటూరుకు చెందిన రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ సభ్యుడు. హాస్టలు నుంచి వెలివేతకు గురైన రోహిత్ సహా ఐదుగురు విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. నగేష్‌బాబు పుస్తకానికీ ఊరి చివరి వాడకూ ఉన్న పేరే అది. సామాను మోసుకుంటూ, అంబేడ్కర్ పటం చేత పట్టుకుని నడుస్తున్న రోహిత్ ఫొటో అప్పటిదే. జనవరి 17న అతను ప్రాణం తీసుకున్నాక ఆ ఫొటో, అతని చివరి ఉత్తరం రెండూ కలిసి ఫోన్ల మీదుగా ఒక్కరోజులో దేశం దాటాయి. అతని ఫేస్‌బుక్ రాతలు అదే ఏడు ఇంగ్లీషు పుస్తకమయ్యాయి. దీపా ధన్‌రాజ్ ఈ ఉద్యమంపై 2018లో డాక్యుమెంటరీ తెచ్చింది. పటం, పటం పట్టుకున్న మనిషి, అతని సొంత రాత మూడూ ఒకచోటికి రావడంతో, కోటేశుకు పాతికేళ్లు పట్టిన పని ఇక్కడ గంటల్లో జరిగింది.

వేగంతో పాటు చిక్కులూ వచ్చాయి. చావు వీడియోలు చేతులు మారుతూ పోతే బాధితుడి కుటుంబం ప్రతిసారీ చూడాల్సిందే. ఎమ్మెట్ టిల్ తల్లి తానే నిర్ణయం తీసుకుని మూత తెరిచింది. ఇప్పుడు ఆ నిర్ణయం ఎవరిదో తెలియదు. ఫోను మారితే ఫొటో పోతుంది, ఖాతా మూసేస్తే రాత పోతుంది. కరపత్రమైతే ఎవరి ట్రంకు పెట్టెలోనో దొరికేది.

కుటుంబ చరిత్ర, ప్రవాసం, ఇంగ్లీషు

2010 తర్వాత తరాల కథ ఆత్మకథగా, కుటుంబ చరిత్రగా వచ్చింది. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన తండ్రి కథను పి. సత్యవతి మా నాయన బాలయ్యగా తెలుగు చేసింది. నిజాం రైల్వే కూలితనం నుంచి ఆచార్య పదవి దాకా మూడు తరాల ప్రయాణం అది. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ సుజాతా గిడ్ల 2017లో తెచ్చిన యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్ మేనమామ సత్యమూర్తిని, తల్లిని కేంద్రంగా పెట్టి కోస్తా క్రైస్తవ దళిత కుటుంబాన్ని ప్రపంచ పాఠకుల ముందు పెట్టింది. సత్యమూర్తి తన కవిత్వంలో చెప్పని ఇంటి సంగతులు మేనకోడలి పుస్తకంలో ఉన్నాయి. ఒక తరం ఉద్యమాన్ని రాస్తే తర్వాతి తరం దాని వెనకున్న ఆకలిని, అద్దె ఇళ్లను రాసింది. కె. సత్యనారాయణ, సూసీ తారు సంపాదకత్వంలో 2013లో వచ్చిన స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్, వేరే సంపాదకులతో 2016లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ తెలుగు దళిత రచనల సంకలనం విశ్వవిద్యాలయాలకు ఈ సాహిత్యాన్ని చేర్చాయి.

మిగిలిన లోటు

వందేళ్ల ఈ నమోదులో బలమైన పాయ కవిత్వం, పాట. నిజనిర్ధారణ నివేదికలూ కోర్టు కాగితాలూ ఉన్నా అవి విడివిడిగా, ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి. అన్నిటికన్నా పలచనిది ఛాయాచిత్రం. చీరాల శిబిరం, చుండూరు బాధితుల తెనాలి శిబిరం, దండోరా పాదయాత్రలు పత్రికల పాత సంచికల్లో, కార్యకర్తల ఇళ్లలో, జిల్లా స్టూడియోల నెగటివ్‌లలో చెదిరి ఉన్నాయి. డుబోయిస్ కూర్చిన పారిస్ ఫొటోలను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దాచింది గనక ఇవాళ ఎవరైనా చూడగలరు. ఇక్కడ కాపాడాల్సిన పని మూడంచెలది: నెగటివ్‌లను, పత్రికల సంచికలను ప్రతులు తీయడం, ప్రతి ఫొటోకూ అందులోని మనుషుల పేరు, ఊరు, తేదీ రాయడం, శిబిరాల్లో బతికిన వాళ్ల మాటలను రికార్డు చేయడం. రెండో పని అన్నిటికన్నా తొందరది. 1985లో ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటారు. థర్‌స్టన్ కులం పేరుతో సరిపెట్టిన శీర్షికలో మనిషి పేరు రాయగలిగినవాళ్లు వాళ్లే.